అమ్మ వేలికి తాళం వేశా: ఆధార్ ప్రైవసీ ఫీచర్లు ఎనిమిది నెలలు వాడాక నా రివ్యూ

ముందే చెప్తున్నా ఇది ఫోన్ రివ్యూ కాదు, ఇయర్‌బడ్స్ రివ్యూ అంతకన్నా కాదు. మాస్క్‌డ్ ఆధార్, వర్చువల్ ఐడీ, బయోమెట్రిక్ లాక్, హిస్టరీ అని ఉడాయ్ (మనకి ఆధార్ ఇచ్చే ప్రభుత్వ సంస్థ) వాళ్ళు ఫ్రీగా ఇచ్చిన సదుపాయాలు ఉన్నాయి కదా, ఉన్నాయని చాలామందికి తెలీదు, తెలిసినోళ్ళు కూడా వాడరు. నేను నాకూ అమ్మకీ నాన్నకీ పెట్టి ఎనిమిది నెలలు వాడాను. ఏది పనికొచ్చింది ఏది కౌంటర్ దగ్గర పరువు తీసింది అన్నీ రాస్తున్నా, కొంచెం పొడుగ్గానే ఉంటుంది, టీ పెట్టుకుని చదవండి.

దీనంతటికీ మూలం ఒక మిరపకాయ బజ్జీ. సంక్రాంతికి ఊరెళ్ళినప్పుడు సాయంత్రం సెంటర్లో బండి దగ్గర నాలుగు బజ్జీలు కట్టించుకున్నా, తిన్నాక చెయ్యి తుడుచుకుందామని కాగితం విప్పితే లోపల ఒక పెద్దాయన నన్నే చూస్తున్నాడు. ఆధార్ జెరాక్స్. సగం చిరిగింది కానీ ఫొటో ఉంది, పేరుంది, పుట్టిన సంవత్సరం ఉంది, కింద పన్నెండు అంకెలూ ఉన్నాయి, నూనెలో తడిసి కాగితం పలచబడింది గానీ అంకెలు మాత్రం ఇంకా నల్లగా కనపడుతున్నాయి. ఇదెక్కడిది బాబాయ్ అనడిగితే "పక్కన నెట్ సెంటర్లో వేస్టు కాగితాలు కేజీల్లెక్కన ఇస్తార్లే" అన్నాడు, అల్లం చట్నీ వేయమంటావా అన్నంత మామూలుగా.

మర్నాడు నాన్న పని మీద అదే నెట్ సెంటర్‌కి వెళ్ళాల్సొచ్చింది. పేరు చెప్పను, చెప్పినా ఉపయోగం లేదు, ప్రతి మండలంలో అలాంటివి నాలుగు ఉంటాయి. కుర్రాడు చాలా మంచోడు, అది ముందు రాయాలి. మా ఊళ్ళో సగం మందికి ఫీజు రీయింబర్స్‌మెంట్ దగ్గర్నుంచి గ్యాస్ ఈకేవైసీ దాకా వాడే దిక్కు, ముసలాళ్ళ దగ్గర ఒక్కోసారి డబ్బులు కూడా తీసుకోడు. కానీ నాన్న ఆధార్ డౌన్‌లోడ్ చేస్తున్నప్పుడు స్క్రీన్ నాకు కనపడింది. డౌన్‌లోడ్స్ ఫోల్డర్‌లో ఈఆధార్ అని మొదలయ్యే ఫైళ్ళు, కిందకి జరుపుతుంటే జరుపుతుంటే అయిపోవట్లేదు, ఎప్పటివో అలాగే ఉన్నాయి, ఎవరు తియ్యాలి, ఎందుకు తియ్యాలి? మళ్ళీ అదే మనిషి వస్తే ఇంకో ఓటీపీ గోల లేకుండా టక్కున ప్రింటు కొట్టి ఇవ్వొచ్చు. వాడి లెక్కలో అది సర్వీసు.

ఆ ఫైళ్ళకి పాస్‌వర్డ్ ఉంటుంది కదా అంటారు. ఉంటుంది. పేరులో మొదటి నాలుగు ఇంగ్లీషు అక్షరాలు క్యాపిటల్స్‌లో, పక్కన పుట్టిన సంవత్సరం. ఈ రూలు దేశమంతా ఒక్కటే, ఆ రెండూ కార్డు మీదే అచ్చేసి ఉంటాయి, ఇక ఊళ్ళో నెట్ సెంటర్ వాడికి ఎవరి పేరేంటో ఎవరు ఏ సంవత్సరం పుట్టారో తెలీకుండా ఉంటుందా. అంటే తాళం వేసి చెవి గుమ్మానికే కట్టినట్టు. ఈఆధార్ పాస్‌వర్డ్‌కి నా రేటింగ్ 5కి 1, ఆ ఒకటి కూడా దారిన పోయే వాడు తెరవలేడు కాబట్టి.

హైదరాబాద్ తిరిగొచ్చాక ఒక ఆదివారం కూర్చుని అన్నీ సెట్ చేశా. ఒక్కోటి చెప్తా.

మాస్క్‌డ్ ఆధార్ సింపుల్. డౌన్‌లోడ్ చేసేటప్పుడు మాస్క్‌డ్ కావాలా అని ఒక టిక్కు ఉంటుంది, అది పెడితే మొదటి ఎనిమిది అంకెలు దాచేసి చివరి నాలుగే చూపిస్తుంది, ఫొటో పేరు అడ్రస్ క్యూఆర్ కోడ్ అన్నీ మామూలుగానే ఉంటాయి. ఆ క్యూఆర్ గురించి ఒక ముక్క, అందులో ఉడాయ్ డిజిటల్ సంతకం ఉంటుంది, స్కాన్ చేస్తే కార్డు అసలుదో ఫొటోషాప్‌లో చేసిందో తేలిపోతుంది, పూర్తి ఆధార్ నంబర్ అందులో ఉండదు, చివరి నాలుగు అంకెలే. అంటే మనిషి ఎవరో తేల్చుకోడానికి పూర్తి నంబర్ రాసిన జెరాక్స్ అక్కర్లేదు, ఫోన్లో స్కాన్ చేస్తే చాలు. ఎనిమిది నెలల్లో నేను ఎన్ని చోట్ల కార్డు ఇచ్చానో గుర్తులేదు గానీ స్కాన్ చేసిన మనిషి ఒక్కడూ లేడు. అందరికీ జెరాక్సే కావాలి, దాని మీద సంతకం కావాలి, అది పోయి ఒక అట్ట ఫైల్లో పడాలి.

మాస్క్‌డ్ కాపీ ఇస్తే ఏమైందంటే, ఒక లాడ్జి రిసెప్షన్లో తీసుకున్నారు, అసలు చూడను కూడా చూడలేదు. ఒక ఆఫీసులో "ఇదేంటి సార్ ప్రింటు సరిగ్గా రాలేదు, నంబర్ పోయింది" అని వెనక్కిచ్చారు. మా నెట్ సెంటర్ కుర్రాడైతే ఇంకా బాగుంది, "మాస్కు ఎందుకన్నా, కరోనా ఎప్పుడో పోయింది కదా" అన్నాడు, వెనక లైన్లో ఉన్నోళ్ళు కూడా నవ్వారు, నేనూ నవ్వాను, ఏం చేస్తాను.

ఈ గందరగోళానికి వాళ్ళని మాత్రం అనలేం. 2022 మే 27న ఉడాయ్ బెంగళూరు రీజినల్ ఆఫీసు నుంచి ఒక ప్రకటన వచ్చింది గుర్తుందా, ఆధార్ జెరాక్స్‌లు ఎవరికి పడితే వాళ్ళకి ఇవ్వొద్దు, మాస్క్‌డ్ వాడండి, నెట్ సెంటర్లలో డౌన్‌లోడ్ చేస్తే ఫైలు పూర్తిగా తీసెయ్యండి అని. అక్షరం అక్షరం నిజం. వాట్సాప్‌లో ఆ రెండ్రోజులూ అదే తిరిగింది. రెండ్రోజులకే, 29న, జనం తప్పుగా అర్థం చేసుకునే అవకాశం ఉందని కేంద్రం వెనక్కి తీసుకుంది, మామూలు జాగ్రత్త తీసుకుంటే చాలంది. మామూలు జాగ్రత్త అంటే ఏంటో బజ్జీల బండి బాబాయ్‌కి ఎవరు చెప్తారు? ఫీచర్‌కి 4 స్టార్లు, అది చెల్లే చోట్లకి 2.

వర్చువల్ ఐడీ నాకు బాగా నచ్చింది కానీ ఇది తెలిసిన మనిషి ఇంకా నాకు తగల్లేదు. ఆధార్ నంబర్ బదులు పదహారు అంకెల ఇంకో నంబర్, మనమే పుట్టించుకోవచ్చు, కావాలంటే మార్చేసుకోవచ్చు, కొత్తది తీస్తే పాతది చచ్చిపోతుంది, దాన్నుంచి వెనక్కి అసలు ఆధార్ నంబర్ కనుక్కోడం కుదరదు. 2018లో తెచ్చారు. స్మార్ట్‌ఫోన్ కూడా అక్కర్లేదు, రిజిస్టర్ అయిన నంబర్ నుంచి 1947కి మెసేజ్ పెడితే వస్తుంది. ఐడియా ఫస్ట్ క్లాసు. కానీ ఫారంలో ఆధార్ అని పన్నెండు గళ్ళు ఉంటాయి, పదహారు అంకెలు ఎక్కడ రాయను చెప్పండి.

ఇక అసలు విషయం, బయోమెట్రిక్ లాక్. ఇది ఎందుకు పెట్టానంటే మన దగ్గర జరిగిన కథలు తెలుసు కాబట్టి. 2018లో పెద్దపల్లి జిల్లాలో ఒక సిమ్ కార్డుల వ్యాపారి దొరికాడు, టార్గెట్ కోసం ఏం చేశాడంటే రిజిస్ట్రేషన్ శాఖ వెబ్‌సైట్‌లోంచి భూముల డాక్యుమెంట్లు దించి వాటి మీదున్న వేలిముద్రలని రబ్బరు స్టాంపులు చేసే పద్ధతిలో అచ్చు తీసి, ఆ రబ్బరు వేళ్ళతో వేల సిమ్ములు యాక్టివేట్ చేశాడు. పొలం కొన్నప్పుడు సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులో వేసిన వేలు, ఆ పొలం కాగితాలు ఆన్‌లైన్లో పెట్టడం, ఆధార్‌కి అదే వేలు సరిపోవడం, మూడూ విడివిడిగా మంచివే, కలిస్తే దొంగకి పండగ. తర్వాత 2022లో సైబరాబాద్ పోలీసులు పట్టుకున్న ముఠా అయితే ఇదే పద్ధతిలో ఏకంగా బ్యాంకు ఖాతాల్లోంచే డబ్బులు లాగింది, ఆధార్ నంబరూ వేలిముద్రా ఉంటే డబ్బులిచ్చే మైక్రో ఏటీఎం మిషన్లు ఉంటాయి కదా, దానికి ఓటీపీ అక్కర్లేదు పిన్ అక్కర్లేదు. మా నాన్న పొలం డాక్యుమెంట్లలో పది వేళ్ళూ ఉన్నాయి. పాస్‌వర్డ్ పోతే మార్చుకుంటాం, వేలు పోతే ఏం మారుస్తాం. (2023 ఫిబ్రవరి నుంచి వేలు ప్రాణమున్నదా రబ్బరుదా అని చూసే పద్ధతి ఉడాయ్ పెట్టింది, అది మంచి పని, ఒప్పుకోవాలి.)

లాక్ పెట్టడం రెండు నిమిషాల పని. మైఆధార్ సైట్లో ఓటీపీతో లాగిన్ అయ్యి లాక్ నొక్కితే వేలిముద్ర, కంటిపాప, ముఖం ఏదీ పనిచెయ్యదు, అసలు మనిషి వచ్చి వేలు పెట్టినా పనిచెయ్యదు. ఓటీపీ మాత్రం మామూలుగా నడుస్తుంది. అమ్మకి నాన్నకి నాకు ముగ్గురికీ పెట్టేసి కాలు మీద కాలేసుకుని పడుకున్నా. అమ్మకి చెప్పడం మర్చిపోయా. ఇక్కడ తప్పు పూర్తిగా నాదే.

రేషన్ తెచ్చుకోడానికి అమ్మ వెళ్ళింది. లైన్లో గంట నిలబడి మిషన్ మీద వేలు పెట్టింది, పడలేదు. "వేలు అరిగిపోయింది పెద్దమ్మా, ఇంకో వేలు పెట్టు" అన్నాడు డీలర్. ఇంకో వేలు. కొంగుతో తుడిచి మళ్ళీ. ఎడమ చెయ్యి. పక్కింటావిడ కొబ్బరినూనె రాయమంది, ఇంకొకరు వద్దు సున్నం రాయమన్నారు. అంట్లు తోమీ తోమీ నా వేళ్ళు ఇలా అయిపోయాయి అని అమ్మ కళ్ళనీళ్ళు పెట్టుకుందట, అది తర్వాత నాన్న చెప్తే నాకు తల తీసేసినట్టయింది. ఇంతలో లైన్లో డిగ్రీ చదివే పిల్ల ఒకమ్మాయి మిషన్ మీద కోడ్ చూసి 330 అని వస్తోంది అత్తా, వేలు అరిగితే వచ్చేది కాదు ఇది, బయోమెట్రిక్ లాక్ అయింది, మీరు ఎవరితోనైనా లాక్ చేయించారా అనడిగింది. అప్పుడు నాకు ఫోన్.

నేను మీటింగ్ లోంచి బయటికొచ్చి సైట్ తెరిచి అమ్మ నంబర్ కొట్టి, అమ్మా ఓటీపీ వచ్చింది చూడు, చెప్పు అన్నా.

"చెప్పను" అంది.

"ఏంటి?"

"ఓటీపీ ఎవరికీ చెప్పొద్దని నువ్వే కదరా చెప్పావు. నేనే ఫోన్ చేశానని చెప్పినా చెప్పొద్దన్నావు."

"అమ్మా ఇప్పుడు నువ్వే కదా నాకు ఫోన్ చేసింది."

ఒక్క క్షణం ఆలోచించింది. "అయితే మన గేదె పేరు చెప్పు."

ముప్పై మంది లైన్లో ఉండగా స్పీకర్‌లో గేదె పేరు చెప్పి గుర్తింపు నిరూపించుకున్నా. మొన్నటిదాకా సెక్యూరిటీ గురించి ఇంత పాఠం చెప్పినోణ్ణి, ఇప్పుడు తిట్టడానికి కూడా లేదు. ఓటీపీ చెప్పింది, తాత్కాలికంగా అన్‌లాక్ కొట్టాను. అది పది నిమిషాలే తెరిచి ఉంటుంది, తర్వాత దానంతటదే మళ్ళీ పడిపోతుంది. పది నిమిషాల్లో వేలు పెట్టించెయ్యండి అని డీలర్‌ని బతిమాలితే లైను తప్పించి ముందుకి పిలిచాడు, వెనక నుంచి ఎవరో "వేలికి తాళం ఏంట్రా నాయనా" అనడం నాకు ఫోన్లో వినపడింది. ఈసారి మొదటి వేలికే పడింది.

కాబట్టి బయోమెట్రిక్ లాక్‌కి నా రేటింగ్ కొంచెం విడగొట్టి చెప్పాలి. నాలాంటి వాడికి, నెలకోసారి కూడా ఎక్కడా తంబ్ వెయ్యని వాడికి, 5కి 5, కళ్ళు మూసుకుని పెట్టుకోండి. రేషన్‌కీ పెన్షన్‌కీ ప్రతి నెలా వేలు పెట్టాల్సిన పెద్దాళ్ళకి 3. వాళ్ళకే మోసం జరిగేది ఎక్కువ, వాళ్ళకే ఈ లాక్ వాడడం కష్టం. పైగా ఇదంతా ఆధార్‌కి మొబైల్ నంబర్ లింకై ఉండి, ఆ సిమ్ బతికి ఉండి, రీచార్జ్ అయి ఉంటేనే. ఊళ్ళో ఎంతమందికి ఆధార్‌లో ఎప్పుడో పోయిన నంబర్ ఉందో, లేకపోతే మనవడి నంబర్ ఉందో ఒకసారి అడిగి చూడండి. వాళ్ళకి ఈ తాళాలు ఉన్నా లేనట్టే.

హిస్టరీ గురించి చెప్తే నమ్మరు, నాకు అన్నిట్లోకి ఇదే ఎక్కువ పనికొచ్చింది. మన ఆధార్ గత ఆరు నెలల్లో ఎప్పుడు, ఎవరి దగ్గర, ఓటీపీతోనా వేలితోనా, పాసైందా ఫెయిలైందా, అన్నీ వరసగా ఒక్కసారికి యాభై ఎంట్రీల దాకా చూపిస్తుంది. నాన్న ఒక రోజు నాచేత లాక్ తాత్కాలికంగా తీయించుకుని పక్కూళ్ళో తంబ్ వేసి రెండు వేలు తీసుకున్నాడు, ఆ డబ్బులిచ్చే అతను "మొదటిసారి పడలేదు బాబాయ్, మళ్ళీ పెట్టండి" అని రెండుసార్లు పెట్టించుకున్నాడట. ఈ మాట వినగానే నాకు ఒళ్ళు మండింది, ఎందుకంటే మోసాల్లో అందరూ చెప్పే మాట అదే, రెండుసార్లు పెట్టించి రెండుసార్లు లాగుతారు. హిస్టరీ తీశా. మొదటిది ఫెయిల్, రెండు నిమిషాల తర్వాత రెండోది పాస్. పాస్‌బుక్కులో కూడా ఒక్క రెండు వేలే పోయింది. పాపం అతను నిజమే చెప్పాడు, నేను అనవసరంగా నాన్న ముందు నానా మాటలు అన్నా. దొంగని పట్టుకోడానికే కాదు, దొంగ కానివాణ్ణి వదిలెయ్యడానికి కూడా పనికొచ్చింది కాబట్టి దీనికి 5కి 4.5. అర మార్కు ఎందుకు తీశానంటే ఇది మనంతట మనం వెళ్ళి తీస్తేనే కనపడుతుంది, నాన్న జన్మలో తియ్యడు.

దీంతో పాటు ఇంకోటి చూసుకోండి, ఆధార్ వాళ్ళది కాదు, టెలికాం శాఖది. మన పేరు మీద ఎన్ని సిమ్ములు ఉన్నాయో చూపించే సదుపాయం, ఇప్పుడు ఆ శాఖ వాళ్ళ సంచార్ సాథీ సైట్లో ఉంది. ఇది 2021 ఏప్రిల్‌లో మొదలుపెట్టింది మన ఆంధ్రా తెలంగాణాలోనే, దేశానికి తర్వాత వెళ్ళింది. నాన్న పేరు మీద మూడు కనపడ్డాయి, రెండు మావే, మూడోది ఎవరిదా అని కంగారుపడితే ఎప్పుడో మా బాబాయ్‌కి తీసిచ్చిందట. సరే.

కొత్త ఆధార్ యాప్ 2025 నవంబర్‌లో వచ్చింది కదా, అది కూడా వాడుతున్నా. అందులో కార్డు మొత్తం కాకుండా ఏది కావాలంటే అదే చూపించొచ్చు, అసలు జెరాక్స్ అనేదే లేకుండా చెయ్యాలనే ఆలోచన, చూడ్డానికి బాగుంది. కానీ ఇంకా దానికి రేటింగ్ ఇవ్వను, అవతల కౌంటర్లో మనిషి ఒప్పుకున్న రోజు ఇస్తా. చూపిస్తే "యాప్ కాదు సార్, జెరాక్స్ తెండి, పక్కనే రెండు రూపాయలు" అన్నారు ఒకచోట.

ఇంత చెప్పాక ఒక మాట చెప్పకపోతే అన్యాయం. మనం ఎన్ని తాళాలు వేసుకున్నా అవతల ప్రభుత్వ సైట్లే తలుపులు బార్లా తెరిచి పెట్టిన రోజులున్నాయి. 2017లో బెంగళూరు సెంటర్ ఫర్ ఇంటర్నెట్ అండ్ సొసైటీ అనే రీసెర్చ్ సంస్థ వాళ్ళ రిపోర్టు నాలుగే నాలుగు పథకాల సైట్లు చూసి దాదాపు 13 కోట్ల ఆధార్ నంబర్లు బయట పడున్నాయని తేల్చింది, ఆ నాలుగులో రెండు మన ఆంధ్రావే, చంద్రన్న బీమా ఒకటి, ఉపాధి హామీ రోజువారీ చెల్లింపులది ఇంకోటి. 2018లో ఏపీ హౌసింగ్ కార్పొరేషన్ సైట్లో 1.34 లక్షల మంది ఆధార్, బ్యాంకు వివరాలతో పాటు కులం మతం కూడా ఎవరైనా వెతుక్కునేలా కనపడ్డాయి, బయటపెట్టింది హైదరాబాద్‌లో ఉండే రీసెర్చర్ శ్రీనివాస్ కొడాలి. ఇల్లు మంజూరైందని సంతోషపడ్డ మనిషికి తన వివరాలు ఊరంతా చూస్తోందని ఎవరు చెప్పారు? ఎవరూ చెప్పలేదు. మన వివరాలు పోతే మనకి చెప్పాలనే చట్టం అప్పుడు లేదు. 2023 ఆగస్టులో డేటా రక్షణ చట్టం వచ్చింది, 2025 నవంబర్‌లో రూల్స్ వచ్చాయి, జాగ్రత్త లేకుండా పోగొడితే 250 కోట్ల దాకా జరిమానా అంటున్నారు, కానీ అదే చట్టంలో కేంద్రం కావాలనుకున్న ప్రభుత్వ సంస్థలకి మినహాయింపు ఇచ్చుకునే సెక్షన్ కూడా ఉంది. ప్రైవసీ ప్రాథమిక హక్కు అని 2017 ఆగస్టు 24న సుప్రీంకోర్టు తొమ్మిది మంది జడ్జీలూ ఒకే మాట మీద చెప్పిన కేసు వేసిన జస్టిస్ పుట్టస్వామి కర్ణాటక ఆయనే గానీ మన ఉమ్మడి ఏపీ బీసీ కమిషన్‌కి ఛైర్మన్‌గా కూడా చేశారు, ఈ సంగతి నాకు కూడా ఈమధ్యే తెలిసింది.

సరే రివ్యూలోకొస్తే మొత్తం మీద 5కి 3.5. తాళాలు గట్టివి, తలుపు దగ్గర కూర్చున్న మనిషికి వాటి సంగతి తెలీదు, ఆ ఒకటిన్నర అక్కడ పోయింది. నెట్ సెంటర్ కుర్రాడికి మొన్న ఊరెళ్ళినప్పుడు నేనే కూర్చుని డౌన్‌లోడ్స్ ఫోల్డర్ ఖాళీ చేయించా, రీసైకిల్ బిన్ కూడా. "అన్నా మళ్ళీ అందర్నీ ఓటీపీ అడగాలి, వీళ్ళ ఫోన్లలో చార్జింగ్ ఉండదు" అని గొణిగాడు, అది కూడా నిజమే. చెడిపోయిన ప్రింట్లు బజ్జీల బండికి ఇవ్వకుండా చింపి పొయ్యిలో వేస్తానన్నాడు, వేస్తున్నాడో లేదో పండక్కి వెళ్ళినప్పుడు బజ్జీలు కొని చూస్తా.

అమ్మ లాక్ తీయించమనలేదు, అది నాకు ఆశ్చర్యం. ఇప్పుడు రేషన్‌కి బయల్దేరే ముందే ఫోన్ చేస్తుంది, నేను ఓటీపీ పంపించమంటా, తను ఏదో ఒకటి అడుగుతుంది, పోయిన నెల మా పాత ఇంటి వెనక చెట్టేంటని అడిగింది. వేప అన్నా. తప్పంట, కానుగ అంట. రెండోసారి ఛాన్స్ ఇచ్చింది.